ఆయుధాలు కూడబెట్టిన నవాబు మూడో సాలార్‌జంగ్

తానాషా కత్తి నుంచి నిప్పుతాడు తుపాకుల దాకా ఒకే కప్పు కింద

(గ్రామీణ విలేఖరి)

భద్రాచలం రామయ్య గుడి మెట్లెక్కే వారికి తానీషా పేరు ఎవరూ చెప్పనక్కరలేదు. నేలకొండపల్లి బిడ్డ కంచెర్ల గోపన్న పాల్వంచ పరగణా తహశీల్దారుగా ఉండి, వసూలైన పన్ను సొమ్ముతో గుడి కట్టించాడనీ, అందుకు గోల్కొండ చెరలో పన్నెండేళ్లు మగ్గాడనీ మన ప్రాంతంలో పసిపిల్లలు కూడా చెబుతారు. ఆ గోల్కొండను ఏలిన చివరి సుల్తాను అబుల్ హసన్ తానాషా పేరు చెప్పే ఆయుధం నేటికీ హైదరాబాదులో భద్రంగా ఉంది. 1687లో ఎనిమిది నెలల ముట్టడి తరువాత గోల్కొండను పట్టుకుని, ఆ తానాషాను దౌలతాబాదు కోటలో ఖైదు చేసిన ఔరంగజేబు పేరు చెప్పే ఆయుధం కూడా అక్కడే ఉంది. ఓడినవాడి ఆయుధం, గెలిచినవాడి ఆయుధం నేడు ఒకే కప్పు కింద చేరాయి.

వాటి పక్కనే టిప్పు సుల్తాను పేరు చెప్పేవి, ఢిల్లీ పాదుషాలు మహమ్మద్ షా, బహదూర్ షాల పేరు చెప్పేవి ఉన్నాయి. బారెడు గొట్టాల నిప్పుతాడు తుపాకులు, గొలుసు చొక్కాలు, డాళ్లు, గండ్రగొడ్డళ్లు, బాకులు ఉన్నాయి. ఇవన్నీ ఒకచోట చేరడానికి కారకుడు నవాబ్ మీర్ యూసఫ్ అలీ ఖాన్. లోకం ఆయనను మూడో సాలార్‌జంగ్ అని పిలిచింది. ఆయన ఏ కోటనూ పట్టలేదు, ఏ యుద్ధమూ చేయలేదు. అయినా దక్కనులో అంతటి ఆయుధశాలను ప్రజలకు మిగిల్చిన వారు అరుదు.

గోదావరి గట్టుతో పాత సంబంధం

ఈ నవాబు వంశానికీ మన గోదావరి గట్టుకూ ఒక పాత సంబంధం ఉంది. యూసఫ్ అలీ ఖాన్ తాత మీర్ తురాబ్ అలీ ఖాన్ మొదటి సాలార్‌జంగ్. ఆయన 1853 నుంచి 1883లో కలరా సోకి చనిపోయేదాకా నిజాం సర్కారులో దివాన్‌గా ఉన్నారు. ఆయన దివాన్‌గిరీలోనే 1860 ఒడంబడిక జరిగింది. దాని ప్రకారం గోదావరి ఎడమ ఒడ్డున ఉన్న నేలను నిజాం ఇంగ్లీషు వారికి వదిలిపెట్టారు. బదులుగా రాయచూరు, ధారాశివ్ ప్రాంతాలు తిరిగి పొందారు. అట్లా భద్రాచలం ఒక ప్రభుత్వం కిందికీ, ఏటికి ఇవతల ఉన్న బూర్గంపాడు, పాల్వంచ మరో ప్రభుత్వం కిందికీ పోయాయి. భద్రాచలం మొదట మధ్య పరగణాలలో, 1874 నుంచి మద్రాసు రాజధానిలో ఉండి, 1959లో ఖమ్మం జిల్లాలో కలిసింది. 2016లో భద్రాద్రి కొత్తగూడెం జిల్లా ఏర్పడింది. పడవ దాటితే రాజ్యం మారేదని మన తాతలు చెప్పుకున్న మాటకు మూలం ఆ కాగితమే.

తాత బతుకులోనూ తుపాకి ఒకసారి గట్టిగా మోగింది. 1857 పితూరీలో ఆయన ఇంగ్లీషు వారి పక్షాన నిలిచారు. హైదరాబాదులో రెసిడెన్సీ మీదికి తుర్రేబాజ్ ఖాన్ జనంతో వెళ్లినప్పుడు అణచివేతకు దివాన్ తోడ్పడ్డారు. ఆ కసి జనంలో ఉండిపోయింది. 1859లో దర్బారు ముగించుకుని రెసిడెంటు డేవిడ్‌సన్‌తో కలిసి బయటికి వస్తుండగా జహంగీర్ ఖాన్ అనే వ్యక్తి వారి మీద తుపాకి పేల్చాడు. గుండు తప్పింది. ఆ గుండు తగిలి ఉంటే తరువాతి కథ ఎట్లా ఉండేదో చెప్పలేము.

కళావస్తువుల మీద మోజు కూడా తాతతోనే మొదలైంది. నేడు అందరూ గుంపులుగా నిలబడి చూసే ముసుగు రెబెక్కా పాలరాతి బొమ్మను 1876లో యూరపు ప్రయాణంలో రోము నగరంలో కొన్నది ఆయనే.

నెల నిండని పసివాడు

యూసఫ్ అలీ ఖాన్ 1889 జూన్ 13న పూనాలో పుట్టారు. తండ్రి మీర్ లాయక్ అలీ ఖాన్ రెండో సాలార్‌జంగ్. ఆయన 1884 నుంచి 1887 దాకా దివాన్‌గా పనిచేశారు. 1889 జూలై 7న, ముప్ఫై ఏళ్లు నిండకుండానే కన్నుమూశారు. అప్పటికి బిడ్డకు నెల కూడా నిండలేదు. ఇల్లందు దగ్గర సింగరేణి బొగ్గు తవ్వకం మొదలైంది కూడా ఆ సంవత్సరమే. మన నేలలో బొగ్గు తవ్వకం మొదలైన ఏడే ఆ ఇంట తండ్రి పోయి, పసివాడు వారసుడయ్యాడు.

తండ్రి ముఖం ఎరుగని ఆ పిల్లవాడి ఆస్తిని నిజాం సర్కారు కాపాడింది. చదువు హైదరాబాదులో సాగింది. చార్మినారుకు దగ్గరలో ఉన్న దివాన్ దేవిడీ వారి నివాసం. అందులో మూడు తరాల సామాను పోగుపడి ఉంది. తాతలు ధరించిన ఖడ్గాలు, బహుమానంగా వచ్చిన బాకులు, పహరా వారి తుపాకులు ఆ ఇంట గోడలకు వేలాడేవి. మన ఊళ్లలో పిల్లలు నాగలి, పలుగు చూస్తూ పెరిగినట్టు ఆయన వాటి మధ్య పెరిగారు.

దివాన్‌గిరీ రెండేళ్లే

ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ 1911లో గద్దెకెక్కారు. మరుసటి సంవత్సరం, 1912లో, మహారాజా కిషన్ పర్షాదును తప్పించి ఆ పదవిని ఇరవైమూడేళ్ల యూసఫ్ అలీ ఖాన్‌కు ఇచ్చారు. తాత ముప్ఫై ఏళ్లు చేసిన కొలువు మనుమడికి రెండేళ్లకు మించి నిలవలేదు. 1914లో ఆయన దివాన్‌గిరీ వదులుకున్నారు. ఆ తరువాత కొన్నేళ్లు నిజాం తానే రాజ్య వ్యవహారం చూసుకున్నారు.

పాతికేళ్ల వయసులో అంత పెద్ద పదవి పోతే మరొకరైతే కుట్రలకో, విలాసాలకో దిగేవారు. ఈయన వస్తువుల వెంట పడ్డారు. మిగిలిన ముప్ఫై అయిదేళ్ల జీవితం దానికే ఇచ్చారు. పెళ్లి చేసుకోలేదు. దేశదేశాల వర్తకులు పెట్టెలతో దివాన్ దేవిడీకి వచ్చేవారు. ఆయన కూర్చుని ఒక్కొక్కటి తిప్పి చూసి, నచ్చినది ఉంచుకునేవారు. యూరపు వెళ్లినప్పుడు స్వయంగా కొన్నారు. చీనా పింగాణీ, పారశీక తివాచీలు, వ్రాతప్రతులు, ఫ్రెంచి కుర్చీలు, గడియారాలు, దంతపు పని, ఆయుధాలు అన్నీ చేరాయి. ఒక రకమే కూడబెట్టే వారు లోకంలో చాలామంది. అన్ని రకాలూ కూడబెట్టి ఒకచోట నిలిపినవారు తక్కువ. చివరికి వస్తువుల లెక్క నలభై వేలు దాటింది.

పాత తుపాకిని చూడడం ఎట్లా

అడవి అంచు ఊళ్లలో తుపాకి కొత్త వస్తువు కాదు. గొట్టం మూతి నుంచి మందు కూరే నాటు తుపాకిని మనవాళ్లు భర్మారు అంటారు. అది ఎట్లా పేలుతుందో తెలిసిన పెద్దలకు ఆయుధశాలలోని తుపాకుల వరుస చదివిన పుస్తకంలా అర్థమవుతుంది. చూడవలసింది ముందుగా నిప్పు అందించే చోటు.

అన్నిటికంటె పాతది నిప్పుతాడు తుపాకి. నూలు తాటిని మందునీళ్లలో నానబెట్టి ఎండబెడతారు. అది మెల్లగా కాలుతూ ఉంటుంది. మీట నొక్కితే ఆ కాలే కొస వంగి గొట్టం పక్కనున్న చిన్న పళ్లెంలోని మందును అంటుకుంటుంది. మన దేశంలో మొగలు పాదుషాల నాటి నుంచి పందొమ్మిదో శతాబ్దం దాకా ఇదే సామాన్యంగా నడిచింది. గొట్టం చాలా పొడవు. చెక్కకు దానిని తీగలతోనో, తోలు పట్టీలతోనో బిగిస్తారు. తొలకరి జల్లు పడితే తాడు ఆరిపోతుంది. రాత్రివేళ నిప్పు కొస మిణుకుమని మనిషి జాడ పట్టిస్తుంది.

తరువాతది చెకుముకి తుపాకి. పశువుల కాపరులు దూదికి నిప్పు రాజేసే చెకుముకి రాయి అందరికీ తెలిసినదే. అదే రాతిముక్కను సుత్తికి బిగిస్తారు. సుత్తి ఉక్కు రేకును కొట్టగానే రవ్వలు రాలి మందు అంటుకుంటుంది. తాడు మోసే బాధ తప్పింది. టిప్పు సుల్తాను శ్రీరంగపట్నం కార్ఖానాలలో ఈ రకం తుపాకులు చేయించారు. వాటిమీద పులి గుర్తు, పులి చారలు ఉంటాయి. పనివాడు సంవత్సరం కూడా చెక్కేవాడు కనుక ఎక్కడ, ఎప్పుడు చేసినదో నేటికీ చదవవచ్చు.

మూడోది టోపీ తుపాకి. స్కాట్లండు దేశంలో ఫోర్సిత్ అనే పాదిరీకి పిట్టల వేట ఇష్టం. చెకుముకి రవ్వ మెరిసిన క్షణంలోనే పిట్టలు బెదిరి ఎగిరిపోయేవి. ఆ బాధ పడలేక, దెబ్బకు పేలే రసాయనాన్ని వాడి 1807లో కొత్త పద్ధతికి హక్కు పొందాడు. దాని నుంచి చిన్న రాగి టోపీ పుట్టింది. సుత్తి టోపీని కొడితే చాలు, వానలోనూ పేలుతుంది. మన భర్మారు తుపాకులలో చాలా వాటిది ఈ పద్ధతే.

ఇక రైఫిల్ సంగతి. నున్నటి గొట్టం నుంచి వెళ్లిన గుండు దారి తప్పుతుంది. గొట్టం లోపల మెలికలు తిరిగిన గాళ్లు కోస్తే గుండు బొంగరంలా తిరుగుతూ సూటిగా పోతుంది. రైఫిల్ అన్న పేరు ఆ గాడి వల్లనే వచ్చింది. 1857లో సిపాయిలకు ఇవ్వజూపిన ఎన్‌ఫీల్డు తుపాకి ఇట్టిదే. దాని తూటాలకు పూసిన కొవ్వు గురించి పుట్టిన అనుమానం పితూరీకి ఒక కారణమైంది. అటుపిమ్మట ఇంగ్లీషు వారు మన సిపాయిలకు గాళ్లు లేని నున్న గొట్టం తుపాకులు ఇచ్చి, మంచివి తమ సైనికులకు ఉంచుకున్నారు. తుపాకి గొట్టంలోకి తొంగిచూస్తే ఏలేవాడి భయం కూడా కనబడుతుందన్నమాట.

పనితనం వేరే చూడాలి. ఇనుప పట్టీని కమ్మీ చుట్టూ చుట్టి, కాల్చి, కొట్టి గొట్టం చేసేవారు. దానిమీద అలల వంటి చారలు తేలతాయి. ఉక్కులో బంగారు తీగ పొదిగి పూలు, లతలు దిద్దేవారు. కత్తుల ఉక్కుకు మన తెలంగాణ పెట్టింది పేరు. నిజామాబాదు వైపు కోనసముద్రంలో కరిగించిన ఉక్కు కోసం పారశీక వర్తకులు వచ్చేవారు. పేరు లేని కమ్మరి చేతి పనిని రాజులు నడుముకు కట్టుకున్నారు. ఆ రాజుల పేర్లు పలకల మీద ఉన్నాయి, కమ్మరి పేరు మాత్రం లేదు. ఆ పనిని గుర్తుపట్టి దాచినందుకు యూసఫ్ అలీ ఖాన్‌ను మెచ్చుకోవాలి.

అదే కాలంలో మన అడవిలో

నవాబు దేవిడీలో తుపాకులు గోడకెక్కుతున్న రోజుల్లో మన అడవుల్లో తుపాకి కథ వేరుగా ఉంది. 1878 ఆయుధ చట్టంతో లైసెన్సు లేనిదే తుపాకి ఉంచుకోవడం ఇంగ్లీషు ఏలుబడిలో నేరమైంది. మరుసటి సంవత్సరం లేచిన రంప పితూరీ భద్రాచలం తాలూకా రేకపల్లి దాకా పాకింది. 1922 ఆగస్టులో అల్లూరి సీతారామరాజు తన దళంతో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు ఠాణాల మీద పడి మూడు రోజుల్లో ఇరవై ఆరు తుపాకులు పట్టుకుపోయారు. ఎన్ని తీసుకున్నదీ ఠాణాలోనే రాసిపెట్టి వెళ్లారు. 1924 మే 7న ఆయన తుపాకి గుండ్లకు బలయ్యారు.

ఇద్దరూ ఒకే తరం వారు. ఒకరు తుపాకిని చూడడానికి కూడబెట్టారు, మరొకరు పోరాడడానికి కూడబెట్టారు. మన్యం మనిషికి ఒక తుపాకి ఉంటే పులి నుంచి పశువు దక్కేది, చేను దక్కేది. అది దొరకక విల్లమ్ములతో గడిపిన వారికి నవాబు ముచ్చట వింతగా తోచడం సహజం.

వారసులు లేని సొత్తు

1948 సెప్టెంబరులో పోలీసు చర్య జరిగింది. నిజాం రాజ్యం ముగిసింది. ఆరు నెలలు తిరగకుండానే, 1949 మార్చి 2న, యూసఫ్ అలీ ఖాన్ అరవై ఏళ్లు నిండకుండా మరణించారు. భార్యాబిడ్డలు లేరు. ఆ సంవత్సరం ఆగస్టులోనే జాగీర్ల రద్దు వచ్చింది. అంటే ఆయన బతికి ఉన్నా ఆ రాబడి ఇక లేదు.

అక్కడ అసలు ప్రమాదం వచ్చింది. దేవిడీ గదుల్లో, వరండాల్లో వేల వస్తువులు గుట్టలుగా ఉన్నాయి. వారసులమంటూ బంధువులు చాలామంది ముందుకు వచ్చారు. వాటాలు పంచితే కత్తి ఒకరికి, ఒర మరొకరికి పోయేది. వేలం వేస్తే తానాషా ఆయుధం ఏ దేశం చేరేదో. రాజ్యాలు పోయిన చోటల్లా అట్లాగే జరిగింది. ప్రభుత్వం ఎస్టేటు కోసం ఒక కమిటీ వేసి సామానును కాపాడింది. అప్పటి ముఖ్య పాలనాధికారి వెల్లోడి ఇవన్నీ ప్రజలు చూసే ఏర్పాటు చేయాలని తలచారు. కళలు తెలిసిన జేమ్స్ కజిన్స్‌ను పిలిపించి వస్తువులను వరుసగా అమర్చే పని అప్పగించారు.

ఆ రోజుల్లోనే మన గోదావరి అడవుల్లో సాయుధ పోరాట దళాలు తిరుగుతున్నాయి. వెంట సైన్యం, పోలీసు. ఊళ్లు రెండు వైపులా నలిగాయి. 1951 అక్టోబరులో ఆ పోరాటం విరమించారు. అదే సంవత్సరం డిసెంబరు 16న దివాన్ దేవిడీలో సాలార్‌జంగ్ ప్రదర్శనశాలను ప్రధాని జవహర్‌లాల్ నెహ్రూ ప్రారంభించారు. అడవిలో తుపాకి చప్పుడు ఆగిన రెండు నెలలకు నగరంలో జనం తుపాకులు చూశారు.

వారసుల వ్యవహారం 1958 డిసెంబరులో హైకోర్టులో రాజీతో తేలింది. సామానంతా భారత ప్రభుత్వానికి దఖలుపడింది. 1961లో పార్లమెంటు చట్టం చేసి దానిని జాతీయ ప్రాముఖ్యం గల సంస్థగా ప్రకటించింది. 1968లో మూసీ నది ఒడ్డున కట్టిన కొత్త భవనంలోకి మార్చారు. నేటికీ అక్కడే ఉంది.

ఎవరి సొమ్ము, ఎవరి సొత్తు

ఇంత సొమ్ము ఎక్కడిదని రైతు అడగవచ్చు. అడగడం న్యాయమే. సాలార్‌జంగ్ జాగీరు వందల గ్రామాలది. కొప్పళ వంటి దూర ప్రాంతాలు కూడా దానిలోనివే. అక్కడి రైతు కట్టిన శిస్తే రోము బొమ్మగా, బంగారు పూల తుపాకిగా మారింది. ఆ రైతులకు బడి, చెరువు ఎంత దక్కిందన్న ప్రశ్న జాగీర్దారులందరికీ చెందినది. ఈ నవాబు దానికి మినహాయింపు కాదు.

అయితే ఒక తేడా ఉంది. అట్లాంటి రాబడే వచ్చిన ఎందరో జాగీర్దార్ల సొమ్ము వారితోనే ఖర్చైపోయింది. ఈయన సొమ్ము వస్తువులుగా నిలిచింది, చివరికి శిస్తు కట్టిన వారి మనుమల చేతికే వచ్చింది. రామదాసు సంగతి తలచుకుంటే ఈ మాట బాగా బోధపడుతుంది. సర్కారు పన్ను గుడిగా మారినందుకు ఆయన చెరకు వెళ్లారు. ఆ గుడి నేడు మనందరిదీ. జాగీరు పన్ను ఆయుధశాలగా మారింది. అదీ నేడు మనందరిదే. కనుక దానిని నవాబు వైభవంగా కాక మన సొత్తుగా చూడడం మంచిది.

మన ఊళ్లలో పాత సామాను

నవాబు కథలో మన పల్లెలకు పనికివచ్చే సంగతి ఒకటుంది. పాత ఇళ్ల అటకల మీద తాతల నాటి కత్తి, మందు నింపే కొమ్ము, రాగి శాసనం, తాటాకు ప్రతి ఇప్పటికీ కనబడతాయి. తుక్కు కొనేవాడు వచ్చి తూకానికి పట్టుకుపోతున్నాడు. ఒకసారి కొలిమిలో పడితే అది ఇక ఇనుపముక్కే.

నూరేళ్లు దాటిన పురావస్తువులకు 1972 నాటి చట్టం రక్షణ ఇస్తుంది. వాటిని ప్రైవేటు వారు దేశం దాటించడం నేరం. నేల తవ్వుతుండగా దొరికిన నిక్షేపం గురించి కలెక్టరుకు తెలపాలి. తుపాకి విషయంలో మరింత జాగ్రత్త కావాలి. బాగుచేసినా పేలని స్థితిలో ఉన్న పాతకాలపు ఆయుధానికి 1959 ఆయుధ చట్టం మినహాయింపు ఇచ్చింది. కానీ పేలుతుందో పేలదో మనమే తేల్చుకోకూడదు. గొట్టంలో పాత మందు మిగిలి ఉండవచ్చు. దానిని నిప్పుకు దూరంగా ఉంచి, ఊరి పెద్దల ద్వారా అధికారులకు చూపించడం అన్ని విధాలా మేలు.

భద్రాచలం, కొత్తగూడెం, ఖమ్మం నుంచి హైదరాబాదు వెళ్లే బస్సులు మహాత్మాగాంధీ బస్‌స్టేషనులో ఆగుతాయి. అక్కడి నుంచి మూసీ దాటితే సాలార్‌జంగ్ ప్రదర్శనశాల నడిచిపోయే దూరమే. శుక్రవారం సెలవు. ఆసుపత్రి పనికో, కోర్టు పనికో పట్నం వెళ్లినవారు ఒక పూట మిగిలితే పిల్లలను తీసుకుని ఆయుధాల గది చూడవచ్చు. గంటలు కొట్టే గడియారం దగ్గర నిలబడినంత సేపు అక్కడ కూడా నిలబడాలి. రామదాసును చెరలో ఉంచిన సుల్తాను పేరు గల ఆయుధం ఎక్కడున్నదో అడిగితే చూపిస్తారు.